బండి మనది, స్పానర్ ఎవరిది?

ఈసారి ఎపిసోడ్ ఒక బిల్లుతో మొదలుపెడతాను.

నా బండి మామూలు 125 సీసీ. ఆఫీసుకైనా, కూరగాయలకైనా, పండక్కి ఊరెళ్లడానికైనా అదే. ఫ్రీ సర్వీసులన్నీ అయిపోయాక మొదటి పెయిడ్ సర్వీసుకి షోరూంలో ఇచ్చాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్, బండి రెడీ. రెండు వేల ముప్పై ఏడు రూపాయలు." సరే, డబ్బు కట్టేసి ఇంటికొచ్చా. రాత్రి అన్నం తిన్నాక ఎందుకో ఆ బిల్లు తీసి చదివాను. అంతకుముందు ఎప్పుడూ చదవలేదు. మీలో ఎంతమంది చదువుతారో నాకు తెలీదు గానీ, ఈ ఎపిసోడ్ అయ్యాక మాత్రం ఒకసారి చదవండి.

ఇంజన్ ఆయిల్ 420. ఎయిర్ ఫిల్టర్ 245. డ్రెయిన్ బోల్టు వాషర్ 12. ఈ మూడూ కలిపి 677. లేబర్ 550. ఇంతవరకూ నాకు అర్థమైంది. ఇక మిగిలినవి: చెయిన్ లూబ్ 120, ఇంజన్ డీకార్బ్ 350, పాలిష్ 280, కన్‌జ్యూమబుల్స్ 60. మొత్తం 810. అంటే బిల్లులో అన్నిటికన్నా పెద్ద ముక్క సామాను ఖర్చు కాదు, పనివాడి కూలీ కూడా కాదు. నేను అడగని పనుల ఖర్చు.

నాకు కోపం రాలేదు, నిజంగా చెప్తున్నా. సిగ్గేసింది. ఎందుకంటే "డీకార్బ్ అంటే ఏంటి, నా బండికి ఎందుకు చేశారు?" అని అడిగేంత కూడా నాకు నా బండి గురించి తెలీదు. మా నాన్న అలా కాదు. ఆయన మెకానిక్ ఏమీ కాదు, గుమాస్తా ఉద్యోగం. కానీ ఆయన స్కూటర్‌కి ఏం జబ్బు చేసిందో ఆయనకి తెలుసు. మరి ఒక్క తరంలో ఏం మారింది? ఈ రోజు కథ అదే.

బండి కొంటే సగం మెకానిక్ అవ్వాల్సిన రోజులు

1955కి వెళ్దాం. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇంగ్లాండ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మన మద్రాస్ మోటార్స్ కలిసి పెట్టిన కంపెనీ అది. బుల్లెట్ 350 ఇక్కడ తయారవడం అలా మొదలైంది. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా వచ్చింది. ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ కూడా ఆ కాలందే. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది.

ఆ రోజుల్లో లైసెన్స్ రాజ్. ఏ కంపెనీ ఎన్ని బళ్లు తయారు చెయ్యాలో ప్రభుత్వమే చెప్పేది. అందుకే స్కూటర్ బుక్ చేసుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. కొనడానికే క్యూ ఉన్నప్పుడు, కస్టమర్‌ని మెప్పించాల్సిన అవసరం కంపెనీకి ఎక్కడుంటుంది? డీలర్లు పెద్ద ఊళ్లలోనే ఉండేవాళ్లు. పల్లెటూళ్లో బండి ఆగిపోతే దగ్గర్లో ఉన్నది రెండే: నువ్వు, సీటు కింద ఉన్న టూల్ కిట్.

ఆ బళ్లలో ఎక్కువ టూ స్ట్రోక్‌లు. బుల్లెట్ లాంటివి మాత్రమే ఫోర్ స్ట్రోక్. ఈ తేడా కొంచెం గుర్తుపెట్టుకోండి, కథకి ఇది చాలా ముఖ్యం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ పెట్రోల్‌తో పాటు లోపలికి వెళ్లి కాలిపోతుంది. పెట్రోల్ బంకులో పక్కనే 2టీ ఆయిల్ పంపు ఉండేది, చేత్తో తిప్పి పోసేవాళ్లు. పెద్దవాళ్లని అడగండి, ఆ వాసన కూడా గుర్తుంటుంది. ఆయిల్ కాలితే ఏమవుతుంది? మసి. ఆ మసి ప్లగ్గు మీద కట్టేది, సైలెన్సర్‌లో పేరుకునేది. బండి గుక్క తిప్పుకోలేక లాగేది కాదు.

అప్పుడు ఏం చేసేవాళ్లంటే, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో గీకి, మళ్లీ బిగించేవాళ్లు. రోడ్డు పక్కన ఐదు నిమిషాల పని. సైలెన్సర్ మూసుకుపోతే మెకానిక్ దాన్ని విప్పి, మంటలో కాల్చి, కొట్టి మసి దులిపేవాడు. అదీ డీకార్బ్ అంటే. ఆ రోజుల్లో అది నిజమైన జబ్బుకి నిజమైన మందు.

చేతక్‌కి స్టెప్నీ ఉండేది. చిన్న చక్రాలు, ముందుదీ వెనకదీ ఒకటే సైజు. పంక్చరైతే యజమానే రోడ్డు మీద చక్రం మార్చుకుని వెళ్లిపోయేవాడు. స్టార్ట్ కాకపోతే స్కూటర్‌ని ఒక పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్ కొట్టేవాళ్లు. ఇప్పుడు మీమ్స్‌లో చూసి నవ్వుకుంటాం గానీ, అది ఒకరకంగా ఇంజనీరింగే. కార్బొరేటర్‌లోకి పెట్రోల్ చేరాలని చేసే పని.

పాత బళ్లలో కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లు ఉండేవి. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే చిన్న స్విచ్ అనుకోండి. అవి అరిగిపోయేవి, గ్యాప్ మారేది. ఫీలర్ గేజ్ లేనివాళ్లు బ్లేడుతో కూడా కొలిచి సర్దేవాళ్లు. మా నాన్న ఆదివారం పొద్దున టీ తాగి, పాత బనియన్ గుడ్డ పట్టుకుని స్కూటర్ ముందు కూర్చునేవాడు. నాకు స్పానర్ అందించే పని. "పదో నంబరు ఇవ్వురా" అంటే పన్నెండు ఇచ్చి తిట్లు తినేవాణ్ని.

ఆ కాలం గొప్పదని నేను చెప్పట్లేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు బండి స్టార్ట్ కాక ఏడ్చిన ఇళ్లు ఎన్నో. వాళ్లు మెకానిక్‌లైంది ఇష్టంతో కాదు, గతిలేక. కానీ ఆ గతిలేనితనం వల్ల ఒక సంగతి జరిగింది. బండి ఎలా పనిచేస్తుందన్న జ్ఞానం ఇంట్లో ఉండేది.

మర్చిపొమ్మని చెప్పిన బండి

1980ల మొదట్లో ప్రభుత్వం తలుపు కొంచెం తెరిచింది. 100 సీసీ దాకా బళ్లకి విదేశీ కంపెనీలతో కలిసి పనిచేయొచ్చని అనుమతి ఇచ్చింది. 1984లో ఇండ్-సుజుకి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్ఎక్స్ 100. ఆ తర్వాత కవాసాకి బజాజ్. చూడండి, రెండేళ్లలో జపాన్ నాలుగు పెద్ద కంపెనీలూ మన రోడ్డు మీదకి వచ్చేశాయి.

వీటిలో సీడీ 100 ఒక్కటే ఫోర్ స్ట్రోక్. దాని ప్రకటన అప్పట్లో ఇంటింటికీ తెలుసు. పెట్రోల్ పోయించు, మూత పెట్టు, ఇక మర్చిపో అనేది దాని సారాంశం. మైలేజ్ గురించి చెప్పిన మాటే అది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ "మర్చిపో" అన్న మాటలో చాలా చరిత్ర ఉందనిపిస్తుంది. జనం నిజంగానే మర్చిపోయారు. పాయింట్లు పోయి సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. ప్లగ్గు గీకే పని తగ్గింది. మసి తగ్గింది. రోడ్డు మీద ఆగిపోవడం తగ్గింది.

కానీ ఒక కొత్త పని పుట్టింది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ కాలిపోదు, లోపలే తిరుగుతూ ఉంటుంది. తిరిగి తిరిగి మురికవుతుంది, పల్చబడుతుంది. కాబట్టి దాన్ని మార్చాలి. టూ స్ట్రోక్ బండిలో గేర్ ఆయిల్ మాత్రమే మార్చాలి, అదీ ఎప్పుడో. ఫోర్ స్ట్రోక్‌కి మాత్రం ఇన్ని కిలోమీటర్లకి ఒకసారి అని లెక్క. ఇవాళ మనం "సర్వీసింగ్" అనే మాట వినగానే మొదట గుర్తొచ్చేది ఆయిల్ మార్చడమే కదా. ఆ అలవాటు మన దగ్గర ఇంటింటికీ పాకింది ఈ బళ్లతోనే.

మరి ఆయిల్ లోపల ఉంటుంది, కంటికి కనిపించదు. బండి బాగానే నడుస్తుంటుంది. ఎప్పుడు మార్చాలో ఎవరు చెప్పాలి? కంపెనీ ఇచ్చిన సర్వీస్ బుక్కు చెప్పాలి. అందులో కూపన్లు. "ఫ్రీ సర్వీస్" అనే మాట మన మధ్యతరగతి జీవితంలోకి వచ్చిన దారి ఇది. ఒక మాట గమనించండి. ఫ్రీ అంటే లేబర్ ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్ మన డబ్బే. ఆ కూపన్ అసలు పని ఏంటంటే, మనకి షోరూం దారి అలవాటు చెయ్యడం.

1991 తర్వాత క్యూలు పోయాయి, పోటీ వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. కాలుష్య నిబంధనలు 1991లో మొదలై, 1996లో, 2000లో ఇంకా బిగిశాయి. టూ స్ట్రోక్‌లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. 2001కి హీరో హోండా ప్రపంచంలోనే ఎక్కువ ద్విచక్ర వాహనాలు తయారుచేసే కంపెనీ అయింది. గాలి శుభ్రపడటానికి, మన పెట్రోల్ ఖర్చు తగ్గడానికి ఇది మంచిదే. దాంతోపాటు ఆదివారం పొద్దున బనియన్ గుడ్డ పట్టుకుని కూర్చునే నాన్నలు కూడా తగ్గిపోయారు.

షెడ్డు

జ్ఞానం ఇంట్లోంచి పోయింది, కానీ వెంటనే షోరూంకి వెళ్లిపోలేదు. మధ్యలో ఒక మజిలీ ఉంది. అదే మన వీధి చివర మెకానిక్ షెడ్డు.

ఒక రేకుల షెడ్డు, నూనె మరకల నేల, గోడకి వేలాడే ట్యూబులు, ఒక అన్న, పక్కన పని నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లు. కాలేజీ లేదు, సర్టిఫికెట్ లేదు. పదిహేనేళ్లకి చేరి, ముందు బళ్లు కడిగి, తర్వాత పంక్చర్లు వేసి, తర్వాత ఇంజన్ ఇప్పడం నేర్చుకుంటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇది ఊరంత పెద్దది. లారీ బాడీ కట్టడం నుంచి చిన్న బోల్టుకి థ్రెడ్ వెయ్యడం దాకా అన్నీ అక్కడే. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో విడిభాగాల దుకాణాలు వరసగా ఉంటాయి. ఈ రెండూ కలిస్తేనే షెడ్డు బతికింది: పని తెలిసిన చెయ్యి, బయట దొరికే సామాను.

షెడ్డు విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, కంపెనీ మూతపడినప్పుడు. మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది. షోరూం లేదు, కంపెనీ సర్వీస్ లేదు. అయినా ఎజ్డీలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కిక్ రాడ్డునే తిప్పి గేర్ రాడ్డుగా వాడే ఆ విచిత్రమైన బండిని బతికించింది ఎవరు? వదలని యజమానులు, నేర్పు పోని మెకానిక్‌లు. ఒక్క మాటలో చెప్పాలంటే, విప్పగలిగిన బండి కంపెనీ కన్నా ఎక్కువకాలం బతుకుతుంది.

పసుపు లైటు

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్లు అమ్మకూడదు అని. మిగిలిన రెండు రోజుల్లో షోరూంల ముందు జనం బారులు తీరారు, వేలల్లో డిస్కౌంట్లు ఇచ్చి బళ్లు అమ్మేశారు. మీలో కొందరి ఇంట్లో ఆ రెండు రోజుల బండి ఇప్పటికీ ఉండి ఉంటుంది.

తర్వాత మూడేళ్లకే, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6. ఇక్కడ అసలు మార్పు జరిగింది. చాలా బళ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంటే ఎంత పెట్రోల్ పోవాలో ఇప్పుడు ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, అది కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. ఎక్కడైనా తేడా వస్తే మీటర్ మీద పసుపు లైటు వెలుగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చింది, బండి తన జబ్బుని తనే కనిపెట్టుకునే పద్ధతి ఇంకా బలపడింది.

మా వీధి మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "తమ్ముడూ, ఇంజన్ ఇప్పమంటే కళ్లు మూసుకుని ఇప్పుతా. ఈ లైటు ఆర్పమంటే మాత్రం నా చేతకాదు." ఆయన పాతికేళ్లుగా ఆ షెడ్డు నడుపుతున్నాడు. కార్బొరేటర్ స్క్రూ తిప్పుతూ శబ్దం విని బండి సెట్ చేసేవాడు. ఇప్పుడు లైటు వెలిగిన బండి వస్తే షోరూంకి పొమ్మంటున్నాడు. స్కానర్ కొందామంటే, బయట దొరికేవి కొన్ని కంపెనీల బళ్లని చదువుతాయి, కొన్నిటిని సగమే చదువుతాయి. పని నేర్చుకుంటున్న కుర్రాడు మానేసి డెలివరీ పనికి పోయాడట.

చూశారా, జ్ఞానం ఎలా జరుగుతూ వచ్చిందో. మొదట ఇంట్లో ఉంది. తర్వాత షెడ్డుకి వెళ్లింది. ఇప్పుడు కంపెనీ కంప్యూటర్‌లోకి వెళ్లింది. ప్రతి మజిలీలో బండి బాగుపడింది, అది నిజం. ప్రతి మజిలీలో మన చెయ్యి కొంచెం వెనక్కి జరిగింది, అదీ నిజమే. నా బిల్లులో ఆ 810 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. అది పనికి కట్టిన ధర కాదు, నాకు తెలియకపోవడానికి కట్టిన ధర.

ఇక ఆ డీకార్బ్. టూ స్ట్రోక్ కాలంలో మసి నిజంగా పట్టేది. నాది ఫోర్ స్ట్రోక్, ఇంజెక్షన్ బండి, బాగానే నడుస్తోంది. మాన్యువల్‌లో సర్వీస్ పట్టిక తీసి చూశాను. ఆ పని పేరే లేదు. జబ్బు పోయింది, మందు మాత్రం బిల్లులో మిగిలింది.

చట్టం ఏమంటోంది

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. అమెరికాలో 1975లోనే ఒక చట్టం వచ్చింది, మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. మా సామానే వాడాలి, మా దగ్గరే చేయించాలి, లేకపోతే వారంటీ పోతుంది అని కంపెనీ మామూలుగా షరతు పెట్టకూడదని దాని సారం. అయినా 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లే-డేవిడ్‌సన్ మీద చర్య తీసుకోవాల్సి వచ్చింది. బయటి విడిభాగాలు వాడితే వారంటీ పోతుందన్నట్టు ఉన్న మాటలు తీసెయ్యమని ఆదేశించింది.

మన దగ్గర 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. ఆరోపణ ఏంటంటే, విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి గ్యారేజీలకి దొరక్కుండా చేస్తున్నారని. తర్వాత అది అప్పీళ్లలోకి వెళ్లింది. అది కార్ల కేసు, బైకులది కాదు. కానీ ప్రశ్న ఒకటే: కొన్నవాడికి బాగుచేసుకునే హక్కు ఉందా, లేదా?

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ "రైట్ టు రిపేర్" మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు ఇలా నాలుగు రంగాలు ఎంచుకుంది. ఆ డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా మొదలైంది. అది మంచి అడుగే. కానీ పోర్టల్ వల్ల మా అన్న షెడ్డులో ఆ పసుపు లైటు ఇంకా ఆరలేదు.

నేను చేసిన పని, నాకు పడిన దెబ్బ

ఇదంతా చదివాక నాకు ఆవేశం వచ్చింది. తర్వాతి సర్వీస్ నేనే చేస్తా అనుకున్నా. ఆయిల్, ఫిల్టర్, వాషర్ బయట కొన్నా. అదే 677. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది కాబట్టి షోరూంకీ బయటకీ పెద్ద తేడా లేదు. సాకెట్ సెట్ 900. షోరూంలో ఇచ్చిన 2,037లోంచి 677 తీస్తే 1,360 మిగలాలి. టూల్స్ ఖర్చు పోగా 460 లాభం. ఆదివారం, పాత బనియన్ గుడ్డ, టీ. అంతా నాన్న లాగే.

పాత ఆయిల్ దింపా. కొత్తది పోసే ముందు డ్రెయిన్ బోల్టు బిగించా. కారకూడదని ఇంకొంచెం, ఇంకొంచెం బిగించా. టక్ మంది. ఆ తర్వాత బోల్టు ఊరికే తిరుగుతోంది. ఇంజన్ కింది భాగం అల్యూమినియం, బోల్టు ఇనుము. మెత్తదాన్ని గట్టిది కోసేసింది. ఎంత బలంతో బిగించాలో మాన్యువల్‌లో రాసే ఉంది, నేను ఆ పేజీ చూడలేదు.

బండి తోసుకుంటూ అన్న షెడ్డుకి వెళ్లా. ఆయన నవ్వలేదు. కిందకి వంగి చూసి, "మొదటిసారి అందరూ ఇదే చేస్తారు" అన్నాడు. లేత్ షాపు నుంచి మనిషిని పిలిపించి కొత్త థ్రెడ్ వేయించాడు. 700 అయింది. అంటే 460 లాభం పోయి, 240 నష్టం. లెక్క లెక్కే కదా, దాచి ఏం లాభం.

కానీ ఆ రోజు అన్న పక్కన కూర్చుని రెండు గంటలు చూశాను. మూడోసారి నేను చేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. 677 ఖర్చు, గంటన్నర సమయం. పాత ఆయిల్ డబ్బాలో పట్టి అన్న దగ్గర ఇచ్చేశా, కాలవలో పొయ్యకండి దయచేసి.

మరి ఏం చేద్దాం

షోరూం వాళ్లు దొంగలు అని నేను అనట్లేదు. అద్దె ఉంటుంది, నేర్పు ఉన్నవాళ్లకి జీతాలుంటాయి, కంపెనీ పరికరాలు ఖరీదైనవి. బిల్లు రాసే అబ్బాయికి కూడా నెలకి ఇంత అమ్మాలని టార్గెట్ ఉంటుంది. అతని మీద అరవకండి. అడగండి చాలు.

నేను ఇప్పుడు పనిని మూడు భాగాలు చేసుకున్నాను. మొదటిది, ఇంట్లో చేసేవి: చెయిన్ శుభ్రం చేసి లూబ్ కొట్టడం, టైర్లలో గాలి చూడటం, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, నేర్చుకున్నాక ఆయిల్. చెయిన్ ఎంత వదులుగా ఉండాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది, ఊహించొద్దు. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూడండి. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. జారుడు ఎక్కువగా ఉండే కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారిపోవచ్చు. మోటార్‌సైకిళ్ల కోసం ప్రత్యేకంగా జపాన్‌లో 1998లో ఆ ప్రమాణం పెట్టడానికి కారణం ఇదే.

రెండోది, వీధి అన్నకి ఇచ్చేవి: క్లచ్ ప్లేట్లు, చెయిన్ స్ప్రాకెట్, బేరింగులు, నాలాంటివాళ్లు పాడుచేసిన థ్రెడ్లు. మూడోది, షోరూంకి ఇచ్చేవి: వారంటీలో ఉన్న పనులు, పసుపు లైటు, ఏబీఎస్. బ్రేకుల విషయంలో యూట్యూబ్ చూసి ప్రయోగాలు వద్దు. నాతో సహా ఎవరు చెప్పినా వినొద్దు. 240 రూపాయలు పోతే నవ్వుకుంటాం, బ్రేకు పోతే నవ్వడానికి ఉండం.

వారంటీ ఉన్నంతకాలం బుక్కులో షరతులు చదవండి. షెడ్యూల్ సర్వీసులు వాళ్ల దగ్గరే చేయించాలని చాలా కంపెనీలు రాస్తాయి. ఒకటి మానేసి తర్వాత ఇంజన్ పోతే గొడవ మీకే. అందుకే వారంటీ అయ్యేదాకా వెళ్లండి, కానీ బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద "మాన్యువల్ పట్టికలో ఉన్నవే చెయ్యండి, ఇంకేదైనా ఉంటే ఫోన్ చేసి అడగండి" అని రాయించండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. బిల్లులో తేడా ఉంటే, మాట్లాడినా తేలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఈ మధ్య మళ్లీ షోరూంకి వెళ్లా, సెన్సర్ పని మీద. కౌంటర్ దగ్గర అబ్బాయి అడిగాడు, "సార్, డీకార్బ్ చేయిద్దామా? స్మూత్‌గా ఉంటుంది." నేను మాన్యువల్ పేజీ ఫొటో చూపించి, "ఇందులో లేదు కదమ్మా" అన్నా. అతను ఒక క్షణం చూసి, "అవును సార్, అవసరం లేదు" అని పెన్నుతో కొట్టేశాడు. ఒక్క గీత. 350 రూపాయలు. గొడవ లేదు, అరుపులు లేవు.

చేతక్ పేరు 2020లో ఎలక్ట్రిక్ స్కూటర్‌గా తిరిగొచ్చింది. దానికి ఇంజన్ ఆయిల్ లేదు, ప్లగ్గు లేదు, వంచి స్టార్ట్ చేసే పనే లేదు. అలాంటి బళ్లలో సగం జబ్బులు సాఫ్ట్‌వేర్‌వే. ఎజ్డీని బతికించినట్టు రేపు ఆ బళ్లని ఎవరు బతికిస్తారు? కంపెనీ మూతపడితే పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? మీలో చాలామంది మొదటి బండి ఎలక్ట్రిక్‌దే కావచ్చు. కొనేముందు షోరూంలో రంగు, రేంజ్ అడుగుతారు కదా. ఈ ప్రశ్న కూడా అడగండి.

మీ చివరి సర్వీస్ బిల్లు ఒకసారి తీయండి. మీరు అడగని పనులకి ఎంత కట్టారో లెక్కేసి కామెంట్‌లో రాయండి. షోరూం పేరు వద్దు, అంకె చాలు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి. ఉంటాను.